మద్దిచెట్ల మీద దసలి

అమ్మ దగ్గర మహదేవపూర్ దసలి పట్టుచీర ఒకటి ఉంది, తేనెరంగుది. ఆ దారమిచ్చే పురుగును మల్బరీ పురుగులా ఇంట్లో తట్టల్లో కాదు, అడవిలో చెట్ల మీదే పెంచుతారని విన్నప్పటి నుంచీ చూడాలని ఒకటే కోరిక. ఈ జూలైలో కుదిరింది. భూపాలపల్లి, కాటారం దాటి మహదేవపూర్‌లో బస్సు దిగేసరికి ముసురు పట్టి ఉంది.

తెలిసినవాళ్లు ఒక దసలి రైతు ఇంటికి తీసుకెళ్లారు. వసారాలో దసలి కాయలు, అంటే పురుగు తన చుట్టూ అల్లుకున్న పట్టుగూళ్లు, దండలు దండలుగా వేలాడుతున్నాయి. ఒక్కోటి కోడిగుడ్డంత. చలికాలం నుంచి వాటిలో నిద్రపోయిన పురుగులు వానలు పడ్డాకే రెక్కలతో బయటికొస్తాయట. పొద్దుగూకుతుండగా ఒక కాయ కొస తడిసింది. "లోపలి నుంచి నానబెడుతుంది బిడ్డా, జర ఆగు" అన్నాడు కాక. ముందు తల, తర్వాత కాళ్లు, ఆ వెనక ముడతలు పడ్డ తడి రెక్కలు. దండను పట్టుకుని వేలాడుతూ మెల్లగా వాటిని చాపుకుంది. ఆడది, లేత పసుపు రంగు. రెక్కలు పూర్తిగా విచ్చుకునేసరికి నా అరచేయి దాటిపోయింది. ఒక్కో రెక్క మీద గుండ్రటి కన్నులాంటి మచ్చ, దాని మధ్యలో గాజుపలక లాంటి పొర. వెనక దీపం పెడితే వెలుగు దాంట్లోంచి ఇవతలికి కనిపించింది. ఎంతసేపు చూశానో నాకే తెలియదు.

దానికి తినడానికి పనికొచ్చే నోరే ఉండదు. పురుగుగా ఉన్నప్పుడు తిన్న ఆకు బలంతోనే జతకట్టి, రెండు వందల దాకా గుడ్లు పెట్టి, కొద్దిరోజుల్లో రాలిపోతుంది.

తెల్లారి అడవికి వెళ్లాం. నల్లమద్ది కొమ్మలకు ఆకుదొప్పలు కట్టి ఉన్నాయి. గుడ్లలోంచి వచ్చిన పిల్లపురుగులు వాటిలోంచే ఆకుల మీదికి పాకుతాయి. ముందు వదిలిన పురుగులు అప్పటికే వేలంత అయ్యాయి. ఆకుపచ్చటి ఒంటి పక్కన వెండి చుక్కలు తళుక్కుమంటున్నాయి. ఆకు తెంచి నమిలే చప్పుడు చెవికి వినిపించింది. ఒక చెట్టు ఆకు అయిపోతే పురుగును చేత్తో పీకరు, కొమ్మతో సహా కోసి పక్కచెట్టుకు మారుస్తారు. పిట్టలు, కందిరీగలు, చీమలు అన్నిటికీ అది తిండే. అందుకే ఉండేలు పట్టుకుని కాక పొద్దంతా ఆ చెట్ల కిందే తిరుగుతాడు. గూడు కట్టేదాకా నెలకు పైగా ఇదే పని. అమ్మ చీర వెనక ఇంత కాపలా ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

వచ్చేటప్పుడు చిల్లుపడిన కాయ ఒకటి ఇచ్చాడు. పురుగు కొమ్మకు చుట్టిన ఉంగరంలాంటి కాడ ఇంకా దాన్నే అంటుకుని ఉంది. బొటనవేలితో గట్టిగా నొక్కినా సొట్ట పడలేదు. ఇంటికి రాగానే అమ్మ చేతిలో పెట్టాను.