విటర్బీ దగ్గర బోల్తాపడ్డాక మొదలైన ప్రిపరేషన్

కంప్యుటేషనల్ లింగ్విస్టిక్స్‌లో (భాషను కంప్యూటర్‌తో విశ్లేషించే శాస్త్రం) పీహెచ్‌డీ ప్రవేశ పరీక్షకు చదువుతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నాకు సీటు రెండోసారికి వచ్చింది. మొదటిసారి రాతపరీక్ష గట్టెక్కాను, ఇంటర్వ్యూలో పోయింది. ఎలా పోయిందో ముందు చెప్తాను, తర్వాత చేసిందంతా దాన్నుంచి పుట్టిందే.

విటర్బీ అల్గారిథం (కనిపించే వరుసను బట్టి, దాని వెనక ఉండడానికి అన్నిటికన్నా ఎక్కువ అవకాశమున్న వరుసను వెతికే పద్ధతి) బోర్డు మీద వేసి చూపించమన్నారు. పదాలకు నామవాచకం, క్రియ అని ట్యాగులు పెట్టే చిన్న ఉదాహరణ తీసుకుని తప్పు లేకుండా వేశాను. ‘దీన్ని మొదట దేనికోసం తయారుచేశారు?’ అని అడిగారు. ‘ట్యాగింగ్ కోసమేనండీ’ అన్నాను, కాస్తయినా తడుముకోకుండా! అడిగినావిడ కమ్యూనికేషన్స్ చెప్పే ప్రొఫెసర్. నవ్వి ఊరుకున్నా బాగుండేది, కాగితం మీద ఏదో రాసుకున్నారు. 1967లో ఆండ్రూ విటర్బీ దాన్ని ప్రచురించింది కన్వొల్యూషనల్ కోడ్‌లను డీకోడ్ చేయడానికి. అంటే దారిలో నాయిస్ కలిసి చెడిపోయిన సిగ్నల్‌ను చూసి, అసలు పంపిన బిట్లేమిటో రాబట్టడానికి. స్పీచ్ వాళ్లు, భాష వాళ్లు దాన్ని ఆ తర్వాత అందిపుచ్చుకున్నారు.

నేను చదివిన తీరే అలా ఉంది మరి. కమ్యూనికేషన్‌కు ఒక నోట్‌బుక్, కంప్యూటింగ్‌కు ఒకటి, లింగ్విస్టిక్స్‌కు ఒకటి. రోజుకొకటి తీసేవాణ్ని. ఒకదాంట్లో ఉన్నదే ఇంకోదాంట్లో వేరే పేరుతో ఉందని తట్టే వీలే లేదు.

రెండోసారి ఒక్కో ఐడియాను పట్టుకుని అది ఏ ఊళ్లు తిరిగిందో చూస్తూ పోయాను. ఉదాహరణకు మార్కోవ్ గొలుసు, అంటే తర్వాత వచ్చేది ఇప్పుడున్నదాన్ని బట్టి ఉండే వరుస. 1913లో రష్యన్ గణితవేత్త మార్కోవ్ కవి పుష్కిన్ కావ్యంలోంచి 20,000 అక్షరాలు తీసుకుని, అచ్చు తర్వాత అచ్చు ఎన్నిసార్లు వస్తోంది, హల్లు ఎన్నిసార్లు వస్తోంది అని చేత్తో లెక్కపెట్టారు. 1948లో షానన్ సమాచార సిద్ధాంతంలోకి అదే గొలుసును తెచ్చారు. 1956లో భాషాశాస్త్రవేత్త చోమ్‌స్కీ వచ్చి, ఇంగ్లిష్ వాక్యనిర్మాణానికి ఇది చాలదు పొమ్మన్నారు. 1970ల్లో ఐబీఎంలో జెలినెక్ బృందం దాన్నే మళ్లీ స్పీచ్ రికగ్నిషన్‌కు వాడింది. ఈ నాలుగూ ఒకే పేజీలో రాసుకున్న రోజున, మూడు సబ్జెక్టులన్న భయం సగం పోయింది.

ఎంట్రోపీ మీద, అంటే తర్వాత ఏ గుర్తు వస్తుందో తెలియనితనాన్ని బిట్లలో చెప్పే కొలత మీద మాత్రం ఎక్కువ రోజులు కూర్చోండి, అన్నీ తిరిగి వచ్చి చేరేది అక్కడికే. నిర్వచనం బట్టీపడితే లాభం లేదు, లెక్క వేయాలి. నాలుగు గుర్తులున్నాయి, వాటి సంభావ్యతలు 1/2, 1/4, 1/8, 1/8 అనుకోండి. ఎంట్రోపీ 1.75 బిట్లు. వాటికే హఫ్‌మన్ కోడ్ (ఎక్కువసార్లు వచ్చే గుర్తుకు తక్కువ బిట్లు ఇచ్చే పద్ధతి) వేస్తే పొడవులు 1, 2, 3, 3 వస్తాయి, సగటు మళ్లీ 1.75. అంతకన్నా కుదించలేం. ఇక 2ను 1.75 ఘాతానికి ఎత్తితే దాదాపు 3.36, అది పర్‌ప్లెక్సిటీ, అంటే సగటున ఎన్ని సమానమైన అవకాశాల మధ్య ఊహిస్తున్నట్టో చెప్పే సంఖ్య. కోడింగ్ వాళ్ల ప్రశ్న, లాంగ్వేజ్ మోడల్ (తర్వాతి పదాన్ని ఊహించే ప్రోగ్రాం) వాళ్ల ప్రశ్న ఒకే లెక్కలో అయిపోయాయి. 1951లో షానన్ మనుషుల చేత తర్వాతి అక్షరం ఊహింపజేసిన ప్రయోగం కూడా ఇక్కడే చదవండి. ఖాళీతో కలిపి 27 గుర్తులు సమానంగా వస్తే అక్షరానికి 4.75 బిట్లు కావాలి. ముందున్న వంద అక్షరాలు తెలిసినప్పుడు ఆయనకు వచ్చిన అంచనా సుమారు 0.6 నుంచి 1.3. ఆ తేడా ఎక్కడినుంచి వచ్చిందో చెప్పగలిగితే సగం ఇంటర్వ్యూ అయినట్టే.

విటర్బీని ఈసారి వదలలేదు, పగబట్టినట్టు చదివాను. 20 పదాల వాక్యం, 10 ట్యాగులు. అన్ని దారులూ చూస్తే 10ని 20 ఘాతానికి ఎత్తినన్ని. విటర్బీతో 10×10×20, అంటే రమారమి 2,000 పోలికలు. సంభావ్యతలు గుణిస్తూపోతే సంఖ్య మరీ చిన్నదై కంప్యూటర్‌లో సున్నా అయిపోతుంది కాబట్టి లాగరిథమ్‌లు కూడతారు. ఈ ముక్క రాస్తే దిద్దేవాళ్లకు మీరు ప్రోగ్రాం రాసిన మనిషని తెలుస్తుంది.

ఫొనెటిక్స్ నేను సరిగ్గా చదవలేదు, అందుకే సలహా ఇవ్వను. ఏ మార్కులు వదిలేయాలో నిర్ణయించుకోవడానికి కూడా ధైర్యం కావాలి.

రెండో ఇంటర్వ్యూలో ఎడిట్ డిస్టెన్స్ అడిగారు, అంటే ఒక పదాన్ని ఇంకో పదంగా మార్చడానికి కనీసం ఎన్ని మార్పులు కావాలన్న లెక్క. ఇదీ కోడింగ్ నుంచి వచ్చిందే. 1965లో లెవెన్‌ష్టైన్ బిట్లు ఊడిపోయినా, అదనంగా చేరినా, ఒకదాని బదులు ఇంకొకటి వచ్చినా సరిచేసే కోడ్‌ల గురించి రాశారు, ఇప్పుడది స్పెల్లింగ్ దిద్దడానికి పనికొస్తోంది. ‘మనసు’ నుంచి ‘మనిషి’కి ఎంత దూరమని ప్రశ్న. టెన్షన్‌లోనూ ఒక్కటి గుర్తొచ్చింది. ‘దేన్ని యూనిట్‌గా తీసుకోమంటారండీ?’ అన్నాను. అక్షరాలుగా లెక్కేస్తే న, సు మారి ని, షి అవుతాయి, దూరం 2. యూనికోడ్‌లో (ప్రతి లిపి గుర్తుకూ ఒక సంఖ్య ఇచ్చే ప్రమాణం) గుణింతం గుర్తు వేరే కోడ్ కాబట్టి అలా లెక్కేస్తే 3. అక్కణ్నుంచి మాట ‘తెలుగు’ అన్న పదం మీదకు మళ్లింది. కంటికి 3 అక్షరాలు, యూనికోడ్‌లో 6 కోడ్‌లు, ఆ కోడ్‌లను కంప్యూటర్‌లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో 18 బైట్లు. ఇచ్చిన టైమంతా అందులోనే గడిచిపోయింది. అంత పగబట్టి చదివిన విటర్బీ గురించి ఒక్కరూ అడగలేదు.