అమ్మమ్మ సేవకు గంటల లెక్క

ఇంగ్లండ్‌లో పిల్లలకు యాక్సిడెంట్ అయితే నష్టపరిహారం కేసు వాళ్ల పేరు మీదే నడుస్తుంది. 18 నిండలేదు కాబట్టి ‘లిటిగేషన్ ఫ్రెండ్’ హోదాలో సంతకాలు పెట్టేది మామూలుగా తల్లో తండ్రో. మా అమ్మాయిని జీబ్రా క్రాసింగ్ మీద కారు గుద్ది కాలు విరిగినప్పుడు ఆ సంతకాలు నేను పెట్టాను. ఉత్తరాలు, రిపోర్టులు, ఇన్సూరెన్స్ వాళ్లతో బేరాలు సొలిసిటర్ అనే లాయరు చూసుకుంటారు. కేసులో బలమెంత, ఎంత అడగొచ్చు అన్నది తేల్చడానికి బారిస్టర్‌తో, అంటే కోర్టులో వాదించే లాయరుతో, మీటింగ్ పెడతారు. దాన్ని కాన్ఫరెన్స్ అంటారు.

బారిస్టర్ విగ్గు, గౌను చూడొచ్చని మా చిన్నాడు ఆశపడ్డాడు గానీ, అవి కోర్టులోనే. లండన్‌లో లాయర్ల పేట టెంపుల్‌లోని చాంబర్స్‌లో, అంటే బారిస్టర్ల ఆఫీసులో, మామూలు సూటులో ఒకావిడ, ఆవిడే బారిస్టర్, పక్కన నోట్సు రాసుకుంటూ మా సొలిసిటర్. చేతిలో ఫోన్ ఉందా, ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నావా, కారు ఎంత దూరంలో ఉండగా చూశావు అని ఆవిడ గుచ్చి గుచ్చి అడుగుతుంటే ఈవిడ ఎవరి తరఫు అనిపించింది. రేపు అవతలివాళ్లు పట్టుకునేవీ ఇవే. అక్కడ మాట్లాడుకున్నది వాళ్లకు చేరదు కాబట్టి ఉన్నదున్నట్టు చెప్పేయాలి.

మనవాళ్లకో అలవాటు. డాక్టర్ దగ్గరైనా టీచర్ దగ్గరైనా పిల్లల బదులు మనమే చెప్పేస్తాం. “ఇప్పుడు బాగానే నడుస్తోందండీ” అని నేను అందుకోబోతే, “తనను చెప్పనివ్వండి” అన్నారావిడ నవ్వుతూ. మెట్లు దిగుతుంటే కాలు లాగుతోందని, రోడ్డు దాటాలంటే భయమేసి ఫ్రెండ్స్‌తో బయటికెళ్లడం మానేశానని చెప్పింది అమ్మాయి. రెండోది మాకు తెలియదు. బయటివాళ్లు నేరుగా అడిగితే నేరుగా చెప్పడం ఇక్కడి స్కూల్లో నేర్చుకుంది. అమ్మ టెన్షన్ పడుతుందని దాచుకోవడం మాత్రం మా ఇంట్లో నేర్చుకున్నదే. సైకాలజిస్టు రిపోర్టు కూడా తెప్పించమని బారిస్టర్ అక్కడికక్కడే సొలిసిటర్‌కు చెప్పారు.

తర్వాత మా అమ్మ సంగతి వచ్చింది. విజిటర్ వీసా మీద గుంటూరు నుంచి వచ్చి, పిల్లకు స్నానం దగ్గర్నుంచి అన్నీ తనే చేసింది. రోజుకు ఎన్ని గంటలు అని అడిగారు బారిస్టర్. ఇక్కడ ఇంట్లోవాళ్లు ఊరికే చేసిన సేవకూ పరిహారం అడగొచ్చు. జీతానికి వచ్చే మనిషికిచ్చే రేటులో కొంత తగ్గించి లెక్క కడతారు. వీడియో కాల్‌లో అమ్మను అడిగితే, “మనవరాలికి చేసినదానికి కూలి కడతావుటే?” అని మండిపడింది. “నువ్వెంత కష్టపడ్డావో వాళ్లకు తెలియొద్దా అమ్మమ్మా?” అని అమ్మాయే సర్దిచెప్పి, ఫోన్‌లో పాత ఫొటోల తేదీలు చూసుకుంటూ గంటలన్నీ రాసింది. పేకాడిన టైం కూడా వేసింది. సొలిసిటర్ అది కొట్టేశారు లెండి.

పరిహారం ఎంతొస్తుందంటే బారిస్టర్ ఒకే అంకె చెప్పరు, ఇంత నుంచి ఇంత అంటారు. గెలిస్తే లాయర్లు తీసుకునే సక్సెస్ ఫీజు దేని మీద, ఎంత శాతం అన్నది ముందే అడిగి రాయించుకోండి. రాజీ కుదిరినా జడ్జి ఆమోదించాలి. ఆ డబ్బుతో ఊళ్లో స్థలం కొనమని మా బాబాయి సలహా. అది మన చేతికి రాదు బాబాయ్, మామూలుగా కోర్టు దగ్గరే ఉంచి 18 నిండాక తనకే ఇస్తారు అని చెప్పాను. ఆ వయసు పిల్ల చేతికి అంత డబ్బేమిటని ఇంకా ఫోన్లు చేస్తూనే ఉన్నాడు.