షార్జాలో హైలక్స్, ఆటోనగర్‌లో మామిడికాయల బండి

సెలవు మీద విజయవాడ వచ్చిన ప్రతిసారీ ఆటోనగర్‌లో నన్ను పట్టుకుని అడిగేది ఒకటే. పాత ఇంజన్‌కు తక్కువ ఖర్చులో లాగుడు పెంచాలంటే ఏం చేయాలి? దుబాయ్‌లో మెకానిక్‌గా పనిచేసేవాడికి ఏదో కిటుకు తెలిసి ఉంటుందని వాళ్ళ నమ్మకం. నేనుండేది దుబాయ్ కాదని, షార్జా ఇండస్ట్రియల్ ఏరియా అని సరిదిద్దడం ఎప్పుడో మానేశాను. ఈసారి అడిగినవాడు మా మేనల్లుడు. నున్న మార్కెట్ నుంచి మామిడికాయలు తోలే పాత మహీంద్రా పికప్ ఉంది వాడికి. లోడు పడితే ఫ్లైఓవర్ కూడా ఎక్కనంటోందట. డీజిల్ పంపు బాగుచేసే షాపులో ఇంజన్‌కు పడే డీజిల్ పెంచించాలని ముందే తీర్మానించుకుని, నేను తలూపితే చాలన్నట్టు వచ్చాడు.

"ఆగరా, ముందు ఒక హైలక్స్ సంగతి విను" అన్నాను. మా పాత మేస్త్రి గారి షెడ్డులో, ఆయన ఎదుటే.

షార్జా నగరానికి అవతల అల్ ధైద్‌లో ఒంటెలు పెంచే ఒక ఎమిరాతీ పెద్దాయనది ఆ బండి. 1980ల నాటి టయోటా, 22ఆర్ పెట్రోలు ఇంజన్. 2366 సీసీ, నాలుగు సిలిండర్లు, ఇనుప బ్లాకు, దాని మీద మూతలా అల్యూమినియం హెడ్డు, గాలీ పెట్రోలూ కలిపే కార్బొరేటర్. కొత్తలో 97 హార్స్‌పవర్ దాకా ఇచ్చేది. వెనక వెయ్యి లీటర్ల నీళ్ళ ట్యాంకు, అంటే టన్ను బరువు పెట్టుకుని మసాఫీ కొండల వైపు ఎత్తులో మూడో గేరులో పోవాల్సింది రెండుకు దిగి మూలుగుతోంది. కొత్త బండి కొనే స్తోమత ఆయనకు లేక కాదు. అది వాళ్ళ నాన్న బండి, అమ్మడు. అలాగని 3,000 దిర్హాములకు పైన ఒక్కటీ ఇవ్వనన్నాడు. ఉన్నవాళ్ళ బేరం ముందు మన బేరాలు ఏపాటివి!

మా ఫోర్‌మన్ మలయాళీ. ఆయన సలహా వెంటనే వచ్చింది: ఇంజన్ మార్చేద్దాం. షార్జాలో పాత సామాన్ల దుకాణాలు వీధుల కొద్దీ ఉంటాయి. జపాన్‌లో ముందు సగం కోసి ఓడ ఎక్కించిన బండ్లు వరసగా పేర్చి ఉంటాయి. టయోటాదే 2.7 లీటర్ల 3ఆర్‌జెడ్ ఇంజన్ దొరికితే 150 హార్స్‌పవర్. వినడానికి బాగానే ఉంటుంది. దానికి వైరింగు, కంప్యూటర్, పెట్రోలు పంపు, మౌంటింగులు అన్నీ మార్చాలి. అనుమతి లేకుండా ఇంజన్ మారిస్తే అక్కడ జరిమానా వేసి బండిని కూడా పట్టుకుపోతారు. రిజిస్ట్రేషన్ పొడిగించే ముందు ఏటా తనిఖీ ఎటూ ఉంది. గాలిని బలవంతంగా ఇంజన్‌లోకి తోసే టర్బో మాట ఎత్తినవాళ్ళూ ఉన్నారు. 48 డిగ్రీల ఎండలో, కార్బొరేటర్ ఇంజన్‌కు, ఆ సొమ్ములో టర్బో! నేను జవాబు కూడా చెప్పలేదు.

పాత ఇంజన్‌కు బలం పెంచడమంటే ముందు పోయిన బలం ఎక్కడికి పోయిందో వెతకడం. 97లో 65 మాత్రమే మిగిలిన ఇంజన్‌కు పాతికో ముప్పయ్యో తిరిగి తెస్తే, నడిపేవాడికి కొత్తగా తగిలించినదానికీ దీనికీ తేడా తెలియదు. ఖర్చులో మాత్రం చాలా తేడా.

కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలి ఎంత ఒత్తిడికి నొక్కుకుంటోందో కొలిచాను. ఆ ఇంజన్‌కు 171 పీఎస్ఐ ఉండాలి, 142 కంటే తగ్గితే విప్పక తప్పదు. మూడు సిలిండర్లు 150కి అటూ ఇటూ ఉన్నాయి. మూడో నంబరు సిలిండర్ 115 దగ్గరే ఆగింది. అందులో చెంచాడు ఆయిల్ పోసి మళ్ళీ కొలిచాను. లోపం పిస్టన్ రింగులదైతే ఆయిల్ ఆ సందు మూసి ముల్లు పైకి లేవాలి. లేవలేదు. అంటే గాలి వాల్వు దగ్గర పోతోంది. హెడ్డు దింపితే పొగను బయటికి వదిలే ఎగ్జాస్ట్ వాల్వు అంచు ఒకచోట కాలి, గోటికి తగిలేంత గాడి పడి ఉంది.

నేను ఆటోనగర్‌లో నేర్చుకున్న పని పనికొచ్చింది ఇక్కడే. కొత్త వాల్వు వేసి, వాల్వులు కూర్చునే సీట్లను చేతి కట్టర్లతో 30, 45, 60 డిగ్రీల మూడు కోణాల్లో కోశాను. మూత పడేది 45 డిగ్రీల అంచు మీదే. మిగతా రెండూ గాలి దారి మలుపును మెత్తబరుస్తాయి. తర్వాత అరగదీసే పేస్టు రాసి, రబ్బరు కప్పు ఉన్న కర్రను రెండు అరచేతుల మధ్య కవ్వంలా తిప్పుతూ ఒక్కో వాల్వునూ రుద్దాలి. మొదట గరగరమంటుంది. ఆ మోత సన్నగిల్లి, చేతికి జారుడు తెలిశాక తుడిచి చూస్తే సీటు చుట్టూ ఎక్కడా తెగని బూడిదరంగు గీత ఉండాలి. అది చాలదు. వాల్వులు బిగించి, పోర్టుల్లో, అంటే గాలి దారుల్లో, పెట్రోలు పోసి టీ తాగి రావాలి. సీటు కింద చెమ్మ కనిపిస్తే మళ్ళీ మొదటికే. ఫోర్‌మన్ రెండుసార్లు వచ్చి గడియారం చూపించి వెళ్ళాడు.

నా వీసా కాగితం మీద హోదా హెల్పర్. హెడ్డు విప్పేది నేను, చిక్కు వస్తే ఉస్తాద్ అని పిలిచేది నన్ను, జీతం మాత్రం కాగితం చూసి ఇస్తారు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించకూడదని అక్కడ నిబంధన. మాది రేకుల షెడ్డు, ఎండ నేరుగా పడదు కనుక మాకది వర్తించదని యజమాని లెక్క. రేకు కింద వేడి ఎలా ఉంటుందో మే నెలలో ఆటోనగర్‌లో ఒక్క పూట నిలబడ్డవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు.

హెడ్డు కాస్త వంగింది కనుక ఫేసింగ్ చేయించాం, అంటే అడుగు కోయించి చదును చేయించాం. ఎక్కువ కోయిస్తే కంప్రెషన్ పెరిగి బలం వస్తుందని చాలామంది ఆశపడతారు. కానీ ఆ వేడిలో పెట్రోలు తనంతట అదే అంటుకుని ఇంజన్ కొట్టుకోవడం మొదలవుతుంది. పైగా ఈ ఇంజన్‌లో వాల్వులు తెరిచే క్యామ్ షాఫ్టు హెడ్డులోనే ఉంటుంది. హెడ్డు కిందికి దిగిన కొద్దీ టైమింగ్ చైను వదులై వాల్వులు తెరుచుకోవడం ఆలస్యమవుతుంది. అందుకే చదును కావడానికి ఎంత అవసరమో అంతే. చైను గైడ్లు ప్లాస్టిక్‌వి, పెళుసెక్కి ఉన్నాయి. అవి విరిగితే చైను కవరును కోసుకుంటూ పోయి నీళ్ళు ఆయిల్‌లో కలుస్తాయి. ఉక్కు పట్టీ ఉన్నవి వేశాం. దీనివల్ల ఒక్క హార్స్‌పవర్ కూడా రాదు. అయినా సొమ్ములో మొదటి వాటా దానికే ఇచ్చాను.

మిగిలినవి చిల్లర పనులే, ఫలితం మాత్రం చిల్లర కాదు. కార్బొరేటర్‌లో రెండో గొట్టాన్ని తెరిచే రబ్బరు పొర చిరిగిపోయింది. అంటే ఎంత తొక్కినా బండి సగం గొంతుతోనే ఊపిరి పీలుస్తోంది. ఎయిర్ క్లీనర్‌లో చలిదేశాల కోసం ఒక రేకు తలుపు ఉంటుంది, సైలెన్సర్ మానిఫోల్డ్ మీది వేడి గాలిని అందిస్తుంది. అది వేడి వైపే తుప్పు పట్టి బిగుసుకుపోయింది. ఎడారిలో! గాలి సుమారు 3 డిగ్రీలు వేడెక్కితే అందులో ఒక శాతం పలచబడుతుంది, బలమూ దాదాపు అంతే పోతుంది. తలుపు ఊడబెరికి, గ్రిల్లు వెనక నుంచి బయటి గాలి వచ్చేలా గొట్టం వేశాం. ఇసుక దేశం కనుక ఫిల్టరు మాత్రం కంపెనీ కాగితపుదే. రేసు బండ్లకు పెట్టే, నూనె పూసిన గాలి ఫిల్టర్లు అక్కడ పెట్టి సిలిండర్లు గీసుకున్నవాళ్ళను చూశాను.

పెద్దాయన బలం కోసం 98 ఆక్టేన్ ఖరీదైన పెట్రోలు పోయిస్తున్నాడు. 9కి 1 కంప్రెషన్ ఉన్న ఇంజన్‌కు 95 చాలునని చెప్పాను, సంతోషించాడు. టైర్ల దగ్గర మాత్రం ముఖం మాడ్చుకున్నాడు. 29 అంగుళాల టైర్లు తీసి, చూపు కోసం 33 అంగుళాలవి వేయించుకున్నాడు. ఆ ఒక్క మార్పుతోనే చక్రం దగ్గర లాగుడు 12 శాతం పోయింది. పాతవి వేసుకోండి, అది మీకు ఉచితంగా వచ్చే బలం అన్నాను. వారం ఆలోచించి వేసుకున్నాడు.

బలం కొలిచే డైనో యంత్రం మీద కొలవలేదు, దానికి డబ్బు ఎక్కడిది? అదే ట్యాంకు, అదే రోడ్డు. మసాఫీ ఎత్తు మూడో గేరులోనే ఎక్కింది.

ఇదంతా విని మా మేనల్లుడు అన్నాడు: "మావయ్యా, అది పెట్రోలు బండి. నాది డీజిల్ కదా, పంపు పెంచితే సరిపోతుంది." మేస్త్రి గారు నవ్వారు. పంపు మీది సీలు తెంచి స్క్రూ తిప్పితే డీజిల్ ఎక్కువ పడుతుంది, లాగుడు కొంత పెరుగుతుంది, అబద్ధం కాదు. కానీ లోపలికి వచ్చే గాలి పెరగకుండా డీజిల్ ఒక్కటే పెంచితే మిగిలినదంతా నల్లపొగ. ఎగ్జాస్ట్ వేడి పెరిగి పిస్టన్ మీదికి వస్తుంది.

"ముందు వెనక చక్రాలు జాకీ మీద లేపండిరా" అన్నారు ఆయన. లేపి చేత్తో తిప్పాం. ఎడమ చక్రం సగం చుట్టు కూడా తిరగకుండా ఆగిపోయింది. బ్రేకు పట్టేసి ఉంది. డ్రమ్ము ఊడదీస్తే స్ప్రింగు విరిగి లైనరు డ్రమ్మును కరుచుకుని ఉంది. ఎయిర్ ఫిల్టరు దులిపితే నున్న రోడ్డు దుమ్ము దోసెడు రాలింది. టర్బో హోసు క్లిప్పు దగ్గర నూనె మరక, అంటే గాలి అక్కడ తప్పించుకుంటోంది. డీజిల్ చిమ్మే నాజిళ్ళను ఒత్తిడి చూడడానికి పంపించాం.

ఈ తీరుగా పని చేయడం నాకు షార్జాలో దొరకదు. అక్కడ సామాను చవక, షాపు అద్దె ఖరీదు, కనుక విప్పి చూసే తీరిక ఎవరికీ ఉండదు, మార్చేస్తారు. ఆటోనగర్‌లో స్లీవు కొట్టి, క్రాంకు గ్రైండింగ్ చేసి, పోయిందనుకున్న బ్లాకుకు మళ్ళీ ప్రాణం పోస్తారు. అలాగని ఇదే గొప్పని నేననను. ఇక్కడ కొలత పెట్టకుండా చెవితో తేల్చేసేవాళ్ళు ఎక్కువ. మా మేస్త్రి గారి షెడ్డులో కంప్రెషన్ గేజి ఉంది కానీ, దాని ముల్లు నేను హెల్పర్‌గా ఉన్నప్పటి నుంచీ సున్నాకు తిరిగి రాదు. ఈసారి కొత్తది తెచ్చి ఇచ్చాను. పాతదాన్ని ఆయన పారేయలేదు.

నాజిళ్ళు బిగిస్తుండగా ఫోన్ మోగింది. అల్ ధైద్ పెద్దాయన. ఇసుకలో ట్యాంకుతో ఎక్కుతుంటే ఇంజన్ అరుస్తోంది కానీ బండి కదలడం లేదట, కాలిన వాసన కూడా వస్తోందట. క్లచ్ ప్లేటు జారుతోంది. 65 హార్స్‌పవర్‌కు అలవాటు పడ్డ పాత ప్లేటు మరి. వచ్చేదాకా నీళ్ళు సగమే పోయమని చెప్పాను. క్లచ్ ఆ 3,000లోనే వస్తుందా అని అడిగాడు.