బెంగళూరులో లేఆఫ్ అయ్యాక: ముందు కాగితాలు, తర్వాతే రెజ్యూమె

లేఆఫ్ అయిందని చెప్తే చాలు, రెజ్యూమె పంపు ఫార్వర్డ్ చేస్తా అంటారు అందరూ. మంచిదే, కానీ నేను మొదటి వారం రెజ్యూమె జోలికే పోలేదు. మాది హిందూపురం, పెళ్లయినప్పట్నుంచీ మారతహళ్ళిలో ఉంటున్నాం. ఒకే కంపెనీలో ఎనిమిదేళ్లు మాన్యువల్ టెస్టింగ్, అంటే సాఫ్ట్‌వేర్ సరిగ్గా పనిచేస్తుందో లేదో చేత్తో నడిపి చూడడం, అంతా బ్యాంకింగ్ ప్రాజెక్టే. 2024లో క్లయింట్ ప్రాజెక్ట్ ఆపేశాడు, కొన్నాళ్లు ఏ ప్రాజెక్టూ లేకుండా బెంచ్ మీద, తర్వాత హెచ్ఆర్ నుంచి కాల్.

ఆ అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. మీరే పోర్టల్‌లో రిజిగ్నేషన్ పెట్టేయండి మేడమ్, రెండు నెలల బేసిక్ జీతం వస్తుంది, రికార్డ్ కూడా క్లీన్‌గా ఉంటుంది అని. పక్క టీం వాళ్లకీ ఇవే మాటలంట, అక్షరం తేడా లేకుండా. నేను అక్కడికక్కడ సరే అనలా, మొత్తం మెయిల్‌లో పెట్టండి చదివి చెప్తా అన్నా. మెయిల్ చూస్తే ఆ రెండు నెలల డబ్బులోనే గ్రాట్యుటీ కూడా వచ్చేసినట్టు రాశారు! ఐదేళ్లు సర్వీస్ దాటినోళ్లకి గ్రాట్యుటీ కంపెనీ ఇచ్చే బహుమతి కాదు కదా, అప్పటికి ఉన్న 1972 చట్టం ప్రకారం మనకి రావాల్సిన డబ్బు, అది కూడా 30 రోజుల్లోపు. అప్పటి లెక్క ఏమంత కష్టం కాదు, చివరి బేసిక్‌ని 26తో భాగించి 15తో గుణించి, దాన్ని సర్వీస్ ఏళ్లతో గుణిస్తే సరి. బేసిక్ 40 వేలు, ఎనిమిదేళ్లు అనుకుంటే 1,84,615 రూపాయలు. ఈ లెక్కే వేసి మెయిల్ పెట్టా, గొడవ పడలా, గట్టిగా మాట్లాడలా. రెండు నెలల బేసిక్ వేరు, గ్రాట్యుటీ వేరు అని సవరించి పంపారు. అడగని వాళ్లకి ఏమైందో నాకు తెలీదు, ఊహించుకోగలను.

డబ్బు కన్నా ఎక్కువ భయపెట్టింది మాత్రం ఇన్సూరెన్స్. అమ్మకి షుగర్, బీపీ, అన్నీ కంపెనీ గ్రూప్ పాలసీ మీదే నడుస్తున్నాయి, మన లాస్ట్ వర్కింగ్ డేతో అది ఆగిపోతుంది. బయట కొత్త పాలసీ తీసుకుంటే ఆల్రెడీ ఉన్న జబ్బులకి వెయిటింగ్ పీరియడ్ అంటారు. అదే ఇన్సూరెన్స్ కంపెనీలో గ్రూప్ నుంచి మామూలు పాలసీకి మారితే పాత ఏళ్లు లెక్కలోకి వస్తాయి, కానీ కవర్ ఉండగానే అడగాలి. హెచ్ఆర్ ఈ ముక్క ఎవ్వరికీ చెప్పలేదు. ప్రీమియం చూసి మా ఆయన కాసేపు మాట్లాడలేదు, తర్వాత కట్టేయ్ అన్నాడు.

పీఎఫ్ తీసి కారు ఈఎంఐలు కట్టేద్దామా అని కూడా అనుకున్నాం ఒకరోజు. వద్దనుకున్నాం. గ్రాట్యుటీ వచ్చింది కాబట్టి వద్దనుకోగలిగాం, అదీ నిజమే. ఇంకోటి, పీఎఫ్‌లో డేట్ ఆఫ్ ఎగ్జిట్ పాత కంపెనీ వేసిందో లేదో చూసుకోండి, వాళ్లు వెయ్యకపోతే చివరి కాంట్రిబ్యూషన్ అయిన రెండు నెలల తర్వాత మన యూఏఎన్ (పీఎఫ్ నంబర్) లాగిన్‌లో మనమే వేసుకోవచ్చు.

ఆ తర్వాత మొదలైంది అసలు సినిమా. నౌక్రి జాబ్ సైట్‌లో రోజూ పొద్దున ప్రొఫైల్‌లో ఏదో ఒక ముక్క మార్చి సేవ్ చేస్తే కాల్స్ వస్తాయి, వస్తాయి గానీ అన్నీ ఒకటే పాట, టోటల్ ఎంత, రెలవెంట్ ఎంత, కరెంట్ సీటీసీ (ఏడాది మొత్తం ప్యాకేజీ), ఎక్స్‌పెక్టెడ్, నోటీస్ పీరియడ్. ఇమీడియట్ జాయినర్ అనగానే వాళ్ల గొంతు మారుతుంది, ఎందుకంటే ఇక్కడ చాలామందికి 90 రోజుల నోటీస్. ఆటోమేషన్ ఉందా, అంటే కోడ్ రాసి టెస్టులు నడపడం వచ్చా అని అడిగి, నేర్చుకుంటున్నా అనగానే మళ్లీ చల్లబడుతుంది.

బీటీఎంలో ఒక కన్సల్టెన్సీ వాడు, మనోడే, తెలుగోడే, టీ కూడా తెప్పించి మరీ చెప్పాడు, మూడేళ్లు ఆటోమేషన్ చేసినట్టు లెటర్ ఇస్తాం, గ్యాప్ కూడా కనపడదు, ఫస్ట్ రెండు శాలరీలు మాకు అని. మరి పీఎఫ్ సర్వీస్ హిస్టరీ అడిగితే? అన్నా. అది మేం చూసుకుంటాం అక్కా అన్నాడు. ఏం చూసుకుంటాడు, ఏ నెల ఏ కంపెనీ డబ్బు కట్టిందో పాస్‌బుక్‌లో ఉంటుంది, టాక్స్ స్టేట్‌మెంట్‌లో (అప్పట్లో ఫారం 26ఏఎస్) మన జీతంలోంచి కట్ చేసిన పన్ను, అంటే టీడీఎస్, ఎవరు కట్టారో ఉంటుంది, వెరిఫికేషన్ వాళ్లు అవే అడుగుతారు. టీ తాగి వచ్చేశా.

ఇంట్లో కూర్చుని ప్లేరైట్ అనే ఆటోమేషన్ టూల్ నేర్చుకున్నా, అలాంటిదే సెలీనియం కొంచెం ముందే తెలుసు. పాప స్కూల్‌కి పోయాక మధ్యాహ్నం దాకా అదే పని, ఒక డెమో సైట్ మీద టెస్టులు రాసి, అందరూ కోడ్ చూడగలిగే గిట్‌హబ్‌లో పెట్టా. కొన్ని ఇంటర్వ్యూల్లో ఎక్స్‌పాత్ (పేజీలో ఒక బటన్‌నో బాక్స్‌నో కోడ్‌కి చూపించే దారి) రాయమన్నారు, ఒకసారి పాసయ్యే టెస్ట్ ఇంకోసారి ఎందుకు ఫెయిలవుతుందో చెప్పమన్నారు. తడబడ్డాను, పాతికేళ్ల పిల్లలతో పోటీ పడి అందులో గెలిచేది కష్టం అని నాకే అర్థమైంది.

పాత టీంలో నా దగ్గర పని నేర్చుకున్న ఒక అబ్బాయి ఫోన్ చేశాడు, "అక్కా, మా దగ్గర కోడ్ రాసేవాళ్లు బోలెడు మంది ఉన్నారు, పేమెంట్స్ తెలిసినోళ్లే లేరు, నీ రెజ్యూమె పెట్టనా?" అని. ఆ ఇంటర్వ్యూలో మేనేజర్ అడిగింది ఒక్కటే, యూపీఐలో డబ్బు కట్ అయి అవతల అకౌంట్‌లో పడకపోతే ఏమేం టెస్ట్ చేస్తావ్ అని. ఇది నేను ఏళ్ల తరబడి చేసిన పనే! 2019 సెప్టెంబర్‌లో ఆర్బీఐ ఇచ్చిన రూల్ ప్రకారం మర్నాటికల్లా దానంతటదే వెనక్కి రావాలి, ఆలస్యమైతే రోజుకి 100 రూపాయలు కస్టమర్‌కి ఇవ్వాలి, ఏటీఎం అయితే గడువు ఐదు రోజులు, అర్ధరాత్రి కటాఫ్ దగ్గర పడిన ట్రాన్సాక్షన్‌ని ఏ రోజు కింద లెక్కేస్తారో చూడాలి, రివర్సల్ రెండుసార్లు పోకుండా చూడాలి, అలా చెప్తూనే ఉన్నా, ఆయన మధ్యలో ఆపి వైట్‌బోర్డ్ మీద గీయమన్నాడు. ఆటోమేషన్ గురించి చివర్లో ఐదు నిమిషాలు మాట్లాడాం.

శాలరీ పాతదానికంటే కొంచెం తక్కువ, పైగా మొదట్లో ఇంకో కంపెనీ పేరోల్ మీద కాంట్రాక్ట్. ఒప్పుకున్నా. చేరేటప్పుడు ఫారం 12బీ ఇచ్చా, పాత కంపెనీ జీతం కొత్తోళ్లకి చెప్పకపోతే వాళ్లు ఇదొక్కటే ఆదాయం అనుకుని టీడీఎస్ తక్కువ కట్ చేస్తారు, జూలైలో రిటర్న్ వేసేటప్పుడు మిగతాది ఒకేసారి మన నెత్తిన పడుతుంది. ఇప్పుడు ఆఫీస్ మాన్యతా టెక్ పార్క్ దగ్గర, ఇల్లు మారతహళ్ళిలో, ఆ రింగ్ రోడ్ ట్రాఫిక్ సంగతి మీకు చెప్పక్కర్లేదు. అటువైపు మారదామా అంటే, కాంట్రాక్ట్ పర్మనెంట్ అవనీ, పాప పరీక్షలు అయిపోనీ, అప్పుడు చూద్దాం అంటున్నాడు మా ఆయన.