పెంకుటింటి నడవ పని: వీధి గుమ్మం నుంచి మండువా వరకు ఇప్పటిదాకా జరిగినది

తెనాలి దగ్గరి మా ఊళ్లో ఉన్న తాతలనాటి పెంకుటింటిని సెలవు రోజుల్లో కొంచెం కొంచెంగా బాగుచేసుకుంటున్నాను. మండువా చుట్టూ ఉన్న వసారాల పని నిరుడే ముగిసింది. ఇప్పుడు వీధి గుమ్మానికీ మండువాకూ మధ్య ఉన్న నడవ వంతు వచ్చింది. దాని పొడవు 14 అడుగులు, వెడల్పు 4 అడుగులు, గోడల మందం 18 అంగుళాలు. వడ్రంగం నేనే చేస్తున్నాను; తాపీ పనికి మాత్రం సున్నం పని తెలిసిన పెద్ద మేస్త్రి గారు వస్తున్నారు.

పని మొదలుపెట్టకముందే ఒక నియమం పెట్టుకున్నాను: గోడల నుంచి ఏ వస్తువూ నడవలోకి పొడుచుకు రాకూడదు. మామూలు చెప్పుల అలమర లోతు 14 అంగుళాలు ఉంటుంది. అది పెడితే మిగిలే దారి 34 అంగుళాలు. చేతికర్రతో నడిచే నాయనమ్మ పక్కన ఇంకొకరు పట్టుకుని నడవడానికి అది చాలదు. అందువల్ల కావలసిన చోటంతా గోడ మందంలోంచే తీసుకోవాలని నిశ్చయించాను. పూర్వం దీపాలు పెట్టిన గూళ్లు రెండు వైపులా ఉన్నాయి, వాటి లోతు 9 అంగుళాలు. పైగూటిలో తాళాలూ ఉత్తరాలూ, నిలువు గూటిలో గొడుగులూ చేతికర్రా సరిపోతాయి. కింది గూటిలో చెప్పులు అడ్డంగా పట్టవు కాబట్టి, పలకలను ఏటవాలుగా బిగించి మడమ కిందికి, వేళ్ల వైపు పైకి వచ్చేలా అమర్చాను. ఆ పలకలకు ఐఎస్ 710 గుర్తు (నీటిని తట్టుకునే రకానికి ఇచ్చేది) ఉన్న 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ వాడాను, ఎందుకంటే వానాకాలంలో తడి చెప్పులు పెట్టేది అక్కడే. ప్లైవుడ్ వెనుక వేలు దూరేంత సందు వదిలాను; గాలి ఆడకపోతే గూటి గోడ మళ్లీ చెమ్మ పడుతుంది.

అసలు తలనొప్పి చెమ్మే. వీధిలో సిమెంటు రోడ్డు మీద మళ్లీ సిమెంటు రోడ్డు పోసుకుంటూ రావడంతో, ఒకప్పుడు మూడు మెట్లు ఎక్కి చేరుకునే అరుగుకు ఇప్పుడు ఒకటే మెట్టు మిగిలింది. గోడ అడుగుభాగం రోడ్డు మట్టానికి దిగిపోయి వాన నీటిని పీలుస్తోంది. ఆ గోడ ఇటుకా సున్నమూ కలిపి కట్టినది. నా చిన్నతనంలో దాని మీద సిమెంటు పూత వేయించారు. లోపలి నీరు బయటికి ఆరే దారి మూసుకుపోయి, పూత నడుము ఎత్తు వరకు ఉబ్బి, తడితే డొల్లగా మోగుతూ, వెనుక తెల్లటి ఉప్పుతో పలకలు పలకలుగా ఊడింది. మేస్త్రి గారు ఒక పెచ్చు ఊడదీసి నా చేతిలో పెట్టి, "ఇది పూత కాదండీ, చెమ్మకు వేసిన మూత" అన్నారు.

నేల నుంచి 4 అడుగుల ఎత్తు వరకు ఆ సిమెంటంతా ఉలితో, చిన్న సుత్తితో తీసేశాం. డ్రిల్లు యంత్రంతో కొడితే పాత ఇటుక అంచులు విరుగుతాయి. ఉప్పును పొడి బ్రష్షుతోనే దులపాలి. నీళ్లతో కడిగితే అది కరిగి మళ్లీ ఇటుకలోకే దిగుతుంది. ఆ తరువాత గోడను ఆరడానికి ఊరికే వదిలేశాం. తొందరపడే వారికి ఈ దశ నచ్చదు గానీ, మొత్తం పనిలో దీనికి మించినది లేదని నా అభిప్రాయం.

ఈలోగా సున్నం సిద్ధమైంది. తొట్టెలో ముందు నీళ్లు పోసి వాటిలోకి సున్నపురాళ్లు కొద్దికొద్దిగా వేయాలి, రాళ్ల మీద నీళ్లు పోయకూడదు. రాళ్లు విరిగేటప్పుడు నీళ్లు కుతకుతలాడి చిందుతాయి. కళ్లద్దాలూ రబ్బరు తొడుగులూ లేకుండా దగ్గరికి వెళ్లడం ప్రమాదం. ఆ ముద్దను నీటి కిందే కొన్ని వారాలు నానబెట్టాం. ఒక పాలు సున్నానికి మూడు పాళ్లు గరుకు ఇసుకతో మొదటి పూత, సన్నగా జల్లించిన ఇసుకతో రెండవ పూత వేశాం. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు మేస్త్రి గారి పట్టుదల మీద కలిపాం, ఆయన పనితీరుకు అడ్డు చెప్పడం నాకు ఇష్టం లేదు. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని గట్టిపడుతుంది, అందుకు కొంత తడి కూడా ఉండాలి. అందుకే ఎండలు ముదరక ముందే, మాఘమాసంలో ఈ పని పెట్టుకుని, తడి గోనెపట్టాలు వేలాడదీసి గోడను నిదానంగా ఆరనిచ్చాం. పైన లప్పం గానీ ప్లాస్టిక్ రంగు గానీ వేయలేదు, వేస్తే మళ్లీ పాత కథే. తుమ్మబంక కలిపిన వెల్ల మూడు పలుచని పూతలుగా పడింది. బంక లేకపోతే ఇరుకు నడవలో భుజం తగిలినప్పుడల్లా చొక్కాకు తెల్లగా అంటుతుంది.

గడప విషయంలో ఇంట్లో చర్చ బాగానే జరిగింది. గడప ఎత్తు 4 అంగుళాలు. పసుపు రాసి కుంకుమబొట్లు పెట్టే గడపను తీయించేందుకు నాయనమ్మ ఒప్పుకోలేదు, నాకూ మనసు లేదు. ద్వారబంధం ఎత్తు ఐదడుగుల తొమ్మిది అంగుళాలే, కాబట్టి నడవ నేలంతా లేపడం కుదరదు. వాలు కట్టాలంటే ఒక అంగుళం ఎత్తుకు 12 అంగుళాల పొడవు కావాలి. పూర్తిగా గడప ఎత్తుకు వాలు లేపితే లోపలికి తెరుచుకునే తలుపు రెక్కల అడుగు దానికి తగులుతుంది. అవి నేలకు మూడున్నర అంగుళాల ఎత్తులో ఉన్నాయి. అందువల్ల లోపలి వైపు 3 అంగుళాల ఎత్తు వరకే, 3 అడుగుల పొడవున వాలు కట్టాం. గడప ఒక్క అంగుళం పైకి కనబడుతుంది. అరుగు మీద అంత చోటు లేదు, అక్కడ 2 అంగుళాల మందం గల రాతిపలక పరిచి అడుగును రెండుగా విడగొట్టాలి. నేలకు మెరుగు పెట్టని కడప రాయినే ఉంచుతున్నాను. నున్నటి టైల్సు వేయమన్నవారికి వాన రోజున తడికాళ్లతో వచ్చి చూడమని చెప్పాను.

టేకు తలుపుల మీది పాత రంగు ఇంకా సగమే ఊడింది. ఇళ్లకు వేసే రంగుల్లో సీసాన్ని పది లక్షల పాళ్లకు 90 పాళ్లకు పరిమితం చేసిన నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమలైంది, ఈ రంగు అంతకు ఎన్నో ఏళ్ల ముందుది. పొడిగా గీకితే ఆ ధూళి ఊపిరిలోకి పోతుంది, కాబట్టి రంగు కరిగించే ద్రావకం పూసి, తడిపి, మాస్కు కట్టుకుని గీకుతున్నాను. పిల్లలను అటు రానివ్వడం లేదు. తరువాత 120, 220 నంబర్ల గరుకు కాగితంతో రుద్ది, అవిసె నూనె పట్టించాలి. నూనె తుడిచిన గుడ్డలను ముద్దగా పడేస్తే వాటంతట అవే అంటుకోగలవు, విప్పి ఆరేయాలి.

వెలుతురు పని ఇప్పుడే మొదలైంది. కప్పు బెంగుళూరు పెంకుది, దానికి సరిపోయే అద్దపు పెంకులు దొరుకుతాయి. రెండు తెచ్చి ఉంచాను. గుమ్మం దగ్గర ఒకటి, మండువా వైపు ఒకటి టూ వే స్విచ్చులు పెట్టి ఒకే దీపాన్ని ఎటు నుంచైనా వేసి ఆర్పేలా తీగలు లాగించాను. దీపం 3000 కెల్విన్‌ది, అంటే పసుపు ఛాయ వెలుతురు ఇచ్చేది. వెల్ల గోడ మీద తెల్లటి లైటు పడితే ఆసుపత్రి వరండాలా ఉంటుంది. వాలు మొదలయ్యే చోట నేలకు అడుగు ఎత్తున, మనిషి కదలికకు వెలిగే చిన్న దీపం ఒకటి గూటిలోకి దిగేసి పెట్టాలి. అద్దపు పెంకులు ఎక్కించడం, అరుగు పలక పరచడం, రోడ్డు నీరు గోడను తాకకుండా అరుగు మొదట్లో జల్లెడ మూతతో చిన్న కాలువ తీయించడం తొలకరి లోపు ముగియాలి. వీటిలో ముందు కాలువే. అది లేకుండా వాన పడితే కొత్త సున్నం పూతకు మళ్లీ అడుగు నుంచి చెమ్మ ఎక్కుతుంది.