మడతలో వదిలిన గుడ్డ

బుధవారం. ఎల్లుండి బడి తెరుస్తారు. పాప యూనిఫాం స్కర్టు మోకాలు పైకి పోయింది. దింపుదామని కింద కుట్టు విప్పితే లోపల అరంగుళం గుడ్డే ఉంది. రెడీమేడ్‌ది మరి. అంతకంటే వదలరు.

నాన్న కుట్టిన యూనిఫాంలో కింద నాలుగంగుళాల మడత, పక్క కుట్లలో చెరో అంగుళం ఉండేవి. "ఆడపిల్ల ఊరుకోదు, ఏడాదికి రెండంగుళాలు లాగుతుంది" అనేవారు. జూన్ వచ్చిందంటే రెండంగుళాలు దింపేవారు, మిగతాది మళ్లీ లోపలికే. ఒక స్కర్టు అలా మూడేళ్లు నడిచేది. మా ఒక్కరికే కాదు, కొట్టుకు వచ్చిన ప్రతి పిల్లకీ అంతే. మిగిలిన ముక్కలు టైలరు దగ్గరే ఉండిపోవడం మామూలు. నాన్న వాటిని కూడా మడతలోకే తోసేసేవారు.

దింపినప్పుడు పాత మడత గీత తెల్లగా కనబడుతుంది. దానికి ఆయన పద్ధతి ఒకటుంది. వెనిగర్, నీళ్లు సమపాళ్లలో కలిపి గుడ్డను తడిపి, ఆ తడిగుడ్డను గీత మీద పరిచి ఇస్త్రీ పెట్టాలి. రంగు దిగుతుందేమో ముందు లోపలివైపు ఒక మూల చూసుకోవాలి. గీత మడత వల్ల పడినదైతే పోతుంది. ఎండకు రంగు వెలిసి పడినదైతే పోదు. అప్పుడు దాని మీద సన్నని లేసు వేసేవారు.

కుట్టుమిషను ముందు పది గంటలు కూర్చునే మనిషి. చుట్ట కాలిస్తే నిప్పురవ్వ గిరాకీ గుడ్డ మీద పడుతుందని ఖైనీ అలవాటు చేసుకున్నారు. అరచేతిలో పొగాకు, కాస్త సున్నం, బొటనవేలితో నలిపి ఎడమ బుగ్గలో. చేతులకు పని అడ్డం ఉండదు, గుడ్డకు మసి అంటదు. ఇరవై ఏళ్లు అదే బుగ్గ, అదే చోటు. పుండు కూడా సరిగ్గా అక్కడే లేచింది.

మొదట ఆవకాయ మానేశారు. నోరు మండుతోందన్నారు. వేడి చేసిందని సబ్జా నీళ్లు, బి కాంప్లెక్సు మాత్రలు. మూడు నెలలు అలా పోయాయి. పొగాకు, వక్క నమిలేవాళ్లకు కారం తగిలితే నోరు భగ్గుమనడం వేడి కాదు, బుగ్గ లోపలి పొర గట్టిపడుతోందనడానికి గుర్తు కావచ్చు. నోరు తెరిచి మూడు వేళ్లు నిలువుగా పెట్టి చూడాలి. పట్టకపోతే వెంటనే చూపించాలి. ఆయనకు రెండే పట్టేవి. నోట్లో పుండు రెండు వారాలు దాటి మానకపోతే ముక్క తీసి పరీక్ష చేయించాల్సిందే. నొప్పి లేదు కదా అని ఊరుకోకూడదు. మొదట్లో చాలామందికి నొప్పి ఉండదు, అక్కడే అందరం మోసపోతాం.

పరీక్షలో క్యాన్సర్ అని తేలింది. ఆపరేషన్‌లో బుగ్గ, దవడలో కొంత, మెడలో గడ్డలు తీశారు. తర్వాత రేడియేషన్, అదే అందరూ కరెంటు అనేది, ముప్పై సిట్టింగులు, వారానికి అయిదు చొప్పున ఆరు వారాలు. పుచ్చిన పళ్లుంటే కరెంటు మొదలుకాక ముందే పీకించుకుని, ఆ గాయం మానడానికి కనీసం రెండు వారాలు ఆగాలి. కరెంటు తగిలిన దవడలో తర్వాత పన్ను పీకితే ఎముక మానక కుళ్లే ప్రమాదం ఉంది. నోరు పూస్తే లీటరు నీళ్లలో ఒక చెంచా ఉప్పు, ఒక చెంచా వంట సోడా కలిపి రెండు మూడు గంటలకోసారి పుక్కిలించాలి. రంగు రంగుల మౌత్‌వాష్‌లు వద్దు. వాటిలో స్పిరిట్ ఉంటే మంట ఇంకా పెరుగుతుంది.

తల కదలకుండా ముఖానికి ఒక ముసుగు వేస్తారు. వేడినీళ్లలో మెత్తబడిన ప్లాస్టిక్ వలను ముఖం మీద లాగి పడితే, చల్లారాక ఆ అచ్చులోనే బిగుస్తుంది. దాని మీదే గుర్తులు గీస్తారు. నాలుగో వారంలో "ఇది లూజైంది, కొలత తప్పింది" అని నాన్నే చెప్పారు. నిజమే. తిండి లేక ముఖం చిక్కితే ముసుగు వదులై, కిరణం పడాల్సిన చోటు తప్పుతుంది. మళ్లీ కొలత తీసి కొత్తది చేశారు. పెద్దాయన ఊరికే అంటున్నాడని ఎవరూ కొట్టిపారేయలేదు, అదే అదృష్టం.

ఏడాది తిరగకుండానే మెడలో మళ్లీ లేచింది. ఇక తగ్గించడానికి మందు లేదు, నొప్పి తగ్గించడానికి ఉంది.

మార్ఫిన్ అంటే ఇంట్లో అందరికీ భయం. మత్తుకు అలవాటు పడతారనీ, అది ఇచ్చారంటే అయిపోయినట్లేననీ. డాక్టరు చెప్పిన లెక్కన క్యాన్సర్ నొప్పికి వేసుకుంటే ఆ భయం అక్కర్లేదు. పొద్దున ఆరు, పది, మధ్యాహ్నం రెండు, సాయంత్రం ఆరు, రాత్రి పది. రాత్రి పదింటికి రెండింతలు, అర్ధరాత్రి రెండింటికి లేపకుండా ఉండేందుకు. నొప్పి వచ్చాక వేయడం కాదు, వేళకు వేయాలి. మొదటి రోజు నుంచే విరేచనం మందు తోడుండాలి. దాన్ని మరచిపోతే నాలుగో రోజుకు కడుపు ఉబ్బి, మార్ఫిన్ మీద నింద పడుతుంది. 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించి ఆసుపత్రులకు మార్ఫిన్ తెప్పించుకోవడం సులువు చేశారు. అయినా మామూలు మందుల కొట్టులో అడిగితే దొరకదు. పాలియేటివ్ విభాగం, అంటే నొప్పీ బాధా తగ్గించే విభాగం, ఉన్న ఆసుపత్రి ఎక్కడుందో ముందే కనుక్కోవాలి.

తిండి ముక్కు గొట్టంలోంచి. మనిషిని కూర్చోబెట్టి, ముక్కు దగ్గర గొట్టం మీది గుర్తు జరగలేదని చూసుకున్నాకే పోయాలి. సిరంజి గొట్టాన్ని ఎత్తి పట్టుకుంటే దానంతటదే దిగాలి, నెట్టకూడదు. పూటకు రెండు వందల మిల్లీలీటర్లు, పావుగంట సేపు. ముందూ వెనుకా ముప్పై మిల్లీలీటర్ల నీళ్లు. తర్వాత అరగంటైనా పడుకోబెట్టకూడదు. రాగిజావ పల్చగా కాచి పలచటి నూలుగుడ్డలో వడకట్టాలి, లేదంటే గొట్టం మూసుకుంటుంది. మూసుకుంటే గోరువెచ్చని నీళ్లే, పుల్లలూ తీగలూ పెట్టకూడదు. పోసేటప్పుడు దగ్గు వచ్చిందంటే ఆపేయాలి.

ఆ వడకట్టే గుడ్డ కూడా ఆయనే కోసి ఇచ్చారు. మంచం మీంచే. నాలుగు అంచులూ మడిచి చేత్తో కుట్టి, పోగులు జావలో పడకుండా.

మెడ గాయం వాసన ఆయన్ని నొప్పికంటే ఎక్కువ బాధపెట్టింది. కొట్టు స్నేహితులు వస్తే నాన్న తల తిప్పుకునేవారు. మెట్రోనిడజోల్ మాత్రలు మెత్తగా పొడి చేసి, కడిగిన గాయం మీద చల్లితే నాలుగైదు రోజుల్లో వాసన తగ్గుతుంది. అది డాక్టరు కాదు, ఇంటికొచ్చే నర్సమ్మ చెప్పారు. అంటుకుపోయిన కట్టుగుడ్డను లాగితే రక్తం వస్తుంది. కాచి చల్లార్చిన అర లీటరు నీళ్లలో ఒక చెంచా ఉప్పు వేసి, దాంతో తడిపి, నానాక తీయాలి. పక్కన ముదురు రంగు తువ్వాళ్లు పెట్టుకోమన్నారామె. రక్తం ఒక్కసారిగా వచ్చినా తెల్ల గుడ్డ మీద కనబడినంత భయంగా కనబడదు. అమ్మ కోసం ఆ మాట అన్నారు. నాన్న అర్థం చేసుకుని, కొట్టులో మిగిలిన మెరూన్ గుడ్డ తాను తెప్పించారు.

వాసన తగ్గిన వారం స్నేహితుల్ని పిలిపించుకున్నారు. తల తిప్పుకోకుండా కూర్చున్నారు.

ఇక స్కర్టు. కింద పట్టీ జోడించడం తప్ప దారి లేదు. గుడ్డను ముందే తడిపి ఆరేశాను, లేకపోతే మొదటి ఉతుకులోనే ముడుచుకుని అంచు లాక్కుపోతుంది. పొడవు స్కర్టు చుట్టుకొలత కంటే ఒక అంగుళం ఎక్కువ. వెడల్పు, బయటికి రెండు, లోపలికి రెండు, కుట్లకు అర, అర. మొత్తం అయిదంగుళాలు చాలు.

సుద్దతో ఏడు దగ్గర గీసి కత్తిరించాను.