చారూ, గిటారూ

పదకొండు దాటింది. నిద్ర పట్టడం లేదు. కారణం చారు. నిన్నటిలా లేదని నోరు జారాను. "నిన్నటిది నిన్నే అయిపోయింది" అంటూ మా ఆవిడ గిన్నె ఎత్తుకుని లోపలికి వెళ్ళింది. అంతే, అప్పటి నుంచి మాటల్లేవు.

ఇయర్‌ఫోన్లు తగిలించుకుని యు.కె. అనే బ్రిటిష్ రాక్ బృందం మొదటి ఆల్బమ్ పెట్టాను. 1978 నాటిది. కింగ్ క్రిమ్సన్ బృందంలో వాయించిన జాన్ వెట్టన్, బిల్ బ్రూఫోర్డ్. రాక్సీ మ్యూజిక్ బృందం నుంచి ఎడ్డీ జాబ్సన్. గిటారుకు అలన్ హోల్డ్స్‌వర్త్. హేమాహేమీలు. నలుగురూ కలిసి చేసిన స్టూడియో ఆల్బమ్ ఇదొక్కటే.

పెద్దన్నయ్య ఒకప్పుడు తొంభై నిమిషాల క్యాసెట్ మీద కాపీ చేసి ఇచ్చాడు. ఒక వైపు ఇది, రెండో వైపు వాళ్ళదే 1979 నాటి ఆల్బమ్ 'డేంజర్ మనీ'. అట్ట లేదు, పేర్లు లేవు. మొదటి వైపు చివరి పాట కొస తెగింది. రెండో వైపు తిప్పితే అసలు గిటారే లేదు! కాపీలో పోయిందనుకున్నాను. స్పీకరు తీగలు పీకి మళ్ళీ బిగించాను. హెడ్డును దూదితో తుడిచాను. అన్నయ్యతో దెబ్బలాడి రెండు రోజులు మాట్లాడలేదు. హోల్డ్స్‌వర్త్, బ్రూఫోర్డ్ అప్పటికే వెళ్ళిపోయారనీ, డ్రమ్స్‌కు టెర్రీ బోజియో వచ్చాడు గానీ గిటారిస్టును తీసుకోనే లేదనీ ఏళ్ళ తరువాత తెలిసింది. ముగ్గురూ జపాన్‌లో ఒక లైవ్ రికార్డు చేసి, 1980లో ఎవరిదారి వారు చూసుకున్నారు.

రికార్డులో వాయించిన సోలోనే, అంటే గిటారు ఒంటరిగా ముందుకొచ్చే ఆ భాగాన్నే, వేదిక మీద రోజూ వాయించమన్నారట జాబ్సన్, వెట్టన్; అదీ హోల్డ్స్‌వర్త్‌తో పేచీ. ఇన్నేళ్ళూ నేను ఆయన పక్షమే. నిన్న అప్పటికప్పుడు అల్లిన స్వరకల్పనే ఇవాళా చెయ్యమని మన విద్వాంసుణ్ణి ఎవరైనా అడుగుతారా?

ఈ రాత్రి మాత్రం సందేహం. మొదటి ఆల్బమ్‌లోని 'ఇన్ ద డెడ్ ఆఫ్ నైట్' పాటలో ఆ సోలో దగ్గరే కదా నా క్యాసెట్ అరిగిపోయింది! ప్రతి స్వరమూ నోటికి వచ్చు. ఎదురుగా కూర్చున్నప్పుడు ఆయన ఒక్కటి మార్చినా నేను మొహం చిట్లించేవాణ్ణే. జాబ్సన్, వెట్టన్ అడిగింది నాబోటి వాళ్ళ కోసమేనేమో.

అలాగని చారు బాగుందని ఒప్పుకోను. మిరియాలు ఎక్కువ, చింతపండు తక్కువ.

ఫ్రిజ్ తలుపు చప్పుడైంది. మిగిలింది దాస్తున్నట్టుంది. అంటే రేపు నాకు నిన్నటి చారే.